కొట్టం అటుక మీద పద్దెనిమిది డబ్బాలు

ఆ వానకాలం మా ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లకు రెండు కరువులు వచ్చాయి. తుంగతుర్తి దగ్గర ఊళ్లో ఉండే మా అత్తమ్మ పెంటమ్మకు యూరియా దొరకలేదు. సూర్యాపేటలో ఉండే నాకు పెల్లెట్లు దొరకలేదు. ఆమెది కడుపు కరువు, నీది సరదా కరువు అని మా ఆయన మల్లేష్ తేల్చేశాడు. ఆయన కరెంటు లైన్‌మన్. ఏ తీగ ఎక్కడికి పోతుందో ఒక్క చూపులో చెప్పగలనన్న ధీమా ఆయనకు మనుషుల విషయంలో కూడా ఉంది.

సరదా అంటే సరదానే, కాదనను. నేను ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచర్ని. ముప్పై ఎనిమిదో ఏట ఎయిర్ రైఫిల్ పట్టుకున్నాను. పటాలంలో పనిచేసి వచ్చిన ప్రభుదాస్ గారు హార్డ్‌వేర్ దుకాణం మీది పాత గోదాము కిరాయికి తీసుకుని, ఐదుగురు నిలబడి కొట్టేంత రేంజి పెట్టారు. పది మీటర్ల అవతల కాగితం మీద నల్లటి చుక్క, దాని నడుమ పెన్ను మొనంత తెల్ల చుక్క. బియ్యపు గింజకన్నా కాస్త లావుండే సీసపు గుండుతో దాన్ని కొట్టాలి. ఆ గుండునే పెల్లెట్ అంటారు. రైఫిల్ ఎత్తిన గంటసేపు నాకు దిద్దాల్సిన పేపర్లు గుర్తుండవు, నానబెట్టాల్సిన పప్పు గుర్తుండదు. ఆడదాని బతుకులో అట్లాంటి గంట దొరకడం ఎంత కష్టమో మళ్లీ చెప్పనక్కర్లేదు.

సెప్టెంబరు చివర హైదరాబాద్‌లో రాష్ట్ర పోటీలు. అరవై షాట్లు, నడిమి చుక్కకు దగ్గరయ్యే కొద్దీ ఒక్కోదానికి పది పాయింట్ తొమ్మిది దాకా వస్తాయి. మొత్తం ఆరు వందలు దాటితే పై పోటీలకు అర్హత. అంతకుముందు ఏడు నా స్కోరు ఐదు వందల తొంభై నాలుగు దగ్గర ఆగిపోయింది. నాకు పతకాల ఆశ లేదు. నా పేరు పక్కన 'అర్హత పొందారు' అన్న రెండు ముక్కలు కావాలి. పెళ్లి, ఉద్యోగం, ఇల్లు, అన్నీ పదిమంది కలిసి నిర్ణయించినవే. ఇదొక్కటే నేను కోరుకున్నది, అందుకే మహా గట్టిగా కోరుకున్నాను.

జూన్ ఆఖర్లో ప్రభుదాస్ గారు అందరినీ పిలిచి కూర్చోబెట్టారు. ఆయనది కోదాడ, మాటలో అటువైపు యాస.

"మన దగ్గర ఆరు డబ్బాలే ఉన్నాయండి. బయటి దేశం నుంచి సరుకు రావట్లేదు. ఎప్పుడొస్తదో ఎవరూ చెప్పట్లేదు. రేపట్నుంచి మనిషికి రోజుకి పది పెల్లెట్లు. మిగతా ప్రాక్టీసంతా ఖాళీ రైఫిల్‌తోనే."

ఖాళీ ప్రాక్టీసు అంటే పెల్లెట్ లేకుండా గురిచూసి ట్రిగ్గర్ నొక్కడం. చెయ్యి కుదురుగా ఉందో లేదో తెలుస్తుంది. కానీ గుండు ఎక్కడ తగిలేదో తెలియదు. రుచి చూడకుండా వంట నేర్చుకోవడంలాంటిది.

నా పక్క లేన్‌లో కరుణ ఉండేది. మిర్యాలగూడలో రైసుమిల్లు హమాలీ ఏసుపాదం బిడ్డ. సూర్యాపేట హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేది. సొంత రైఫిల్ లేదు, క్లబ్బుదే. అయినా మా అందరిలో చెయ్యి నిలకడ ఆ పిల్లదే. నన్ను అక్కా అని పిలిచేది. తను కూడా ఆ ఏడు ఆరు వందలు దాటాలనే చూస్తోంది.

ఒక ఆదివారం నేనూ కరుణా బస్సెక్కి కోదాడ పోయాం. అక్కడొక స్పోర్ట్స్ దుకాణంలో సరుకుందని విన్నాం. ఉంది. అద్దాల బీరువాలో కాదు, లోపలి గదిలో. దుకాణదారు ఒక్క డబ్బా తెచ్చి చూపించి, పాత ధరకు మూడింతలు చెప్పాడు.

"మూడింతలా?" అన్నాను.

"వచ్చే వారం ఇదీ ఉండదండి. తర్వాత మీ ఇష్టం."

కరుణ డబ్బా చేతిలోకి తీసుకుని, మూత మీది సరుకు నంబరు చదివి, మెల్లగా తిరిగి గల్లా మీద పెట్టింది. నాకు ఒళ్లు మండింది. పిల్లలు ఆడుకునే ఆటలో కూడా దాచి అమ్ముతావా, నీ సరుకు నీ దగ్గరే కుళ్లిపోతుంది చూడు అని బజారంతా వినపడేలా దులిపేశాను. కరుణ నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. బస్సులో నవ్వుతూ అంది.

"అక్కా, క్లాసుల గూడ గిట్లనే తిడ్తవా?"

"ఇంకా ఎక్కువ తిడత."

గురువారం స్కూలుకు సెలవు పెట్టి, ఒక్కదాన్నే అదే దుకాణానికి పోయాను. నా దగ్గరున్న ఒక గొలుసు అంతకుముందు రోజే బ్యాంకులో కుదువ పెట్టాను. దుకాణదారు నన్ను గుర్తుపట్టి కూడా పట్టనట్టే ఉన్నాడు, ఆ మర్యాద మాత్రం వాడికి ఉంది. ఒకే నంబరు సరుకు పద్దెనిమిది డబ్బాలున్నాయి. ఒకే నంబరు ఎందుకంటే, ప్రతి రైఫిల్‌కూ ఒక సరుకు కుదురుతుంది, ఒకటి కుదరదు. ఈ నంబరు నా రైఫిల్‌కు కుదురుతుందని నాకు తెలుసు. క్లబ్బు రైఫిల్ కూడా అదే కంపెనీది, కరుణకూ కుదురుతుందని తెలుసు. తెలిసే పద్దెనిమిదీ కొన్నాను.

కరుణకు రెండు డబ్బాలు ఇస్తే ఏమయ్యేది అని అడగండి. రెండిస్తే మిగతావి ఎక్కడివి అంటారు. ప్రభుదాస్ గారు అందరికీ పంచుదామంటారు. పంచితే, పోటీకి తగ్గట్టు కొట్టుకుంటే, పదిమందికి పది రోజులు వస్తాయి, నా ఆరు వందలు గంగలో కలుస్తాయి. ఇంత లెక్క ఆ రోజు బస్సులోనే వేసుకున్నాను.

సూర్యాపేటలో మా ఇల్లు రెండు గదులు, క్లబ్బువాళ్లు వచ్చిపోతుంటారు. అందుకని డబ్బాలన్నీ ఊరికి తీసుకుపోయాను. అత్తమ్మకు నలభై గొర్రెలున్నాయి. వానకాలం వాటిని కట్టేసే రేకుల కొట్టం ఇంటి వెనక ఉంది. కొట్టం మీద చెక్కలతో వేసిన అటుక. పాత నాగటి కర్రలూ చిరిగిన గొంగళ్లూ తప్ప ఎవరికీ పట్టని చోటు. నిచ్చెన వేసి, డబ్బాలు గొంగట్లో చుట్టి, మూలకు తోశాను.

"ఏంది బిడ్డా అవి?" అంది అత్తమ్మ కిందనుంచి.

"సీసం గుండ్లు అత్తమ్మా. ఎవరికీ చెప్పకు."

"చెప్పుడెందుకు? నాకేం సమజైతదని."

ఇక ప్రతి శనివారం సాయంత్రం రైఫిల్ పెట్టె పట్టుకుని ఊరికి పోయేదాన్ని. ఇంటి పక్క గోడకు ఇసుక బస్తాలు ఆనించి, పది మీటర్లు టేపుతో కొలిచి, ఆదివారం తెల్లారి నుంచి నూటయాభై, రెండు వందల పెల్లెట్లు కొట్టేదాన్ని. మొదట్లో గొర్రెలు బెదిరేవి. తర్వాత వాటికీ అలవాటైంది, నాకూ అలవాటైంది.

ఆగస్టు మధ్యలో ప్రభుదాస్ గారు నా కాగితాన్ని అందరికీ ఎత్తి చూపించారు. పది పెల్లెట్లూ ఒక్క రూపాయి బిళ్ల కింద దాగేంత దగ్గరగా పడ్డాయి.

"చూడండి. ఖాళీ ప్రాక్టీసు బుద్ధిగా చేస్తే ఇట్టా ఉంటది. మేడం గారికి కూడా మీలాగే పది పెల్లెట్లే ఇస్తున్నాను కదా?"

అందరూ చప్పట్లు కొట్టారు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. కరుణ నా దగ్గరకొచ్చి, నిజంగానే నేర్చుకోవాలన్న మొహంతో అడిగింది.

"అక్కా, ఖాళీ కొట్టినప్పుడు గుండు ఎక్కడ పడ్డదో నీకెట్ల తెలుస్తుంది? నాకు తెలుస్తలేదు. ఎడమకు పోతున్ననని అనుమానం, అనుమానంతోని కుడికి జరుగుతున్న."

"మనసు పెట్టు. తెలుస్తది" అన్నాను. నా జీవితంలో నేను ఇచ్చిన అతి నీచమైన జవాబు అది. క్లాసులో ఏ పిల్లవాడికీ అట్లాంటి జవాబు ఇవ్వలేదు.

ఆ నెలాఖరుకు ఊళ్లో యూరియా గొడవ ముదిరింది. లారీ వస్తుందంటే చాలు, రైతులు తెల్లవారుజామునే సొసైటీ ముందు చెప్పులు వరసలో పెట్టి చెట్ల కింద కూర్చునేవారు. చెప్పు ఉన్న చోటు మనిషి చోటు. ఎవరి చెప్పునూ ఎవరూ జరపరు. ఒక సోమవారం ఏదో సెలవు వచ్చింది. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, తోడు పోయాను. మా చెప్పులు డెబ్భయ్యో ఎనభయ్యో వరసలో ఉన్నాయి.

పది గంటలకు వరసంతా గుప్పుమంది. మా ఊరి రైతు ఐలయ్య ఇంటి దగ్గర ఇరవై బస్తాలు దొరికాయట, గడ్డివాము కింద పెట్టాడట. ఆడవాళ్లు అందుకున్నారు. నేనూ అందుకున్నాను. నోరు ఊరుకోదు కదా.

"మంది పొలాలు ఎండుతుంటే దాసుకున్నడంటే వానికి మనసెట్ల ఒప్పిందో" అన్నాను.

అత్తమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ నావైపు చూడకుండానే అంది. "మనసుదేముంది బిడ్డా. ఎవ్వనికన్న గంతే, ముందు భయమైతది. భయమైనోడు దాస్తడు."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే తిరిగి ఏదైనా అనేదాన్ని.

మధ్యాహ్నానికి మాకు రెండు బస్తాలు దొరికాయి. మా వెనక వరసలో బక్కమ్మ దాకా రాకముందే లారీ ఖాళీ అయింది. బక్కమ్మ కౌలుకు రెండెకరాలు చేస్తుంది, మాకు చుట్టం కాదు, పొలం గట్టు కూడా కలవదు. అత్తమ్మ ఆటో ఆపించి, ఒక బస్తా ఆమె ముందు దింపించింది.

నాకు కోపం వచ్చింది. "పొద్దటి సంది నిలబడితిమి. మనకెట్ల సాలుతది అత్తమ్మా?"

"దాని పొలం ఇయ్యాల ఎర్రవడ్డది. మనది ఇంక వారమాగుతది. వారానికి మల్ల చెప్పు పెడత" అని ఆటో ఎక్కి కూర్చుంది.

 ఆటో దిగగానే నేను నిచ్చెన వేశాను. పద్నాలుగు డబ్బాలు మిగిలాయి. అన్నీ రేపు క్లబ్బుకు తీసుకుపోయి ప్రభుదాస్ గారి బల్ల మీద పెట్టాలి. ఏమైతే అదైంది. అనుకున్నాక గుండెలో ఏదో బరువు దిగినట్టే ఉంది. గొంగడి విప్పి మొదటి డబ్బా మూత తీశాను.

లోపల పెల్లెట్లు నల్లగా, మెరుస్తూ లేవు. పిండి చల్లినట్టు తెల్లగా ఉన్నాయి. రెండో డబ్బా అంతే. మూడోది అంతే. కింద నలభై గొర్రెల తడి పెంట, ఆవిరి, మీద రేకుల ఉక్కపోత, రెండు నెలల వాన. సీసం తెల్లబారిపోయింది. లోహాల క్షయం పాఠం పదో తరగతికి ఏటా చెప్పేది నేనే. బొమ్మ గీసి, తడి, గాలి, వాయువులు అని బాణం గుర్తులు పెట్టి మరీ చెబుతాను. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని. అంతకుముందు వారం తెరిచిన డబ్బాలో కూడా కాస్త తెలుపు కనిపించింది, తుడిచేసి కొట్టాను. ఎంత తొందరో నాకు.

అటుక మీదే కూర్చుని ఏడ్చాను. సరుకు పోయిందని కాదు, గొలుసు పోయిందని కాదు. ఇద్దామని మనసొచ్చిన రోజుకు ఇవ్వడానికి ఏమీ లేకుండా చేసుకున్నానే అని.

డబ్బాలతో సూర్యాపేట ఇంటికి చేరాక మల్లేష్ అంతా విని, తనకు తెలిసిన దారి చెప్పాడు.

"గా కోదాడోడు పాత సరుకు అంటగట్టిండని చెప్పు టీచరమ్మా. నిన్ననే కొన్ననను. వానిని ఎట్లాగూ అందరు తిడుతున్నరు, ఇంకో తిట్టు ఎక్కువైతే ఏం?"

"వాడిచ్చింది మంచి సరుకే. పాడుచేసింది నేను."

"మరి ఏం చేస్తవ్?"

"ఉన్నది ఉన్నట్టు చెప్త."

 పొద్దున డబ్బాల సంచి మల్లేషే బండి మీద పెట్టుకుని నన్ను రేంజికి తీసుకుపోయాడు.

అందరి ముందూ చెప్పాను. ఎప్పుడు కొన్నానో, ఎక్కడ దాచానో, ఆదివారాలు ఎన్ని కొట్టానో, ఆగస్టులో చప్పట్లు కొట్టించుకున్న కాగితం సంగతి కూడా. ఏదీ వదల్లేదు.  ప్రభుదాస్ గారు ఒక డబ్బా ఒంపి, భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు.

"పైవి పోయినాయి. నడిమధ్యవి కొన్ని బాగానే ఉన్నట్టున్నాయండి. ఏరుకోవాల. ఈ తెల్లదుమ్ము విషం, ఊదొద్దు, దులపొద్దు. తడిగుడ్డ మీద, గ్లౌజులు, మాస్కులు పెట్టుకుని ఏరాల."

కరుణ అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడి ఉంది. దగ్గరికొచ్చి డబ్బా మూత తిప్పి, మీది నంబరు చదివింది. కోదాడలో తను చదివి గల్లా మీద పెట్టిన నంబరు అదే.

"ఎప్పుడు ఏరుదాం మేడం?" అంది. అక్కా అనలేదు. నన్ను కొట్టినా అంత తగిలేది కాదు.

ఆదివారం రేంజిలోనే చాపలు పరిచి కూర్చున్నాం. అత్తమ్మ కూడా వచ్చింది, ఎంత వద్దన్నా వినలేదు. వస్తూ వస్తూ చేట తెచ్చింది. చెరగొద్దు అత్తమ్మా, దుమ్ము లేస్తే ప్రాణం మీదికొస్తది అని చేట లాక్కున్నాను. మల్లేష్ కరెంటాఫీసు రబ్బరు గ్లౌజులు తొడుక్కుని కూర్చున్నాడు. వాటితో స్తంభం పట్టుకోవచ్చు గానీ పెల్లెట్ పట్టుకోలేం. అందరూ నవ్వితే పల్చటివి తొడుక్కున్నాడు. పెల్లెట్‌కు అడుగున పావడా అంచులా పల్చటి చుట్టు ఉంటుంది. అది నొక్కుకుపోయినా, దాని మీద తెలుపు పట్టినా పనికిరాదు. అత్తమ్మకు ఒక్కసారి చూపిస్తే చాలు. యాభై ఏళ్లు కందులూ పెసలూ ఏరిన కన్ను ఆమెది. మేం భూతద్దంతో ఒకటి చూసేలోపు ఆమె పది తీసి పక్కన పెట్టేది. ప్రభుదాస్ గారు ఆమె తీసినవాటిని మళ్లీ పరీక్షించి, ఒక్కటి కూడా వెనక్కి పంపలేకపోయారు.

"ఇంత సన్నం పనికి గింత మంది గొట్టుకులాడుతున్నరా" అని అత్తమ్మ కరుణను అడిగింది.

"అవునవ్వా. గీ సన్నం గింజ లేకనే రెండు నెలలు పోయినయ్ నాకు" అంది కరుణ.

నేను తల ఎత్తలేదు. చేతులు ఆపలేదు కూడా.

సాయంత్రానికి, డబ్బాకు ఐదు వందల చొప్పున పద్నాలుగు డబ్బాల్లోని ఏడు వేలలో పందొమ్మిది వందలు మిగిలాయి. కరుణకూ, పోటీకి పోయే మిగతా ముగ్గురికీ పంచమన్నాను. నాకు పోటీ రోజుకు సరిపోయేవి చాలు, ప్రాక్టీసు ఖాళీగా చేస్తానన్నాను. ప్రభుదాస్ గారు సరేనన్నారు. ఆ నెల రోజులూ నేను ఖాళీ రైఫిల్‌తో గంటలు గంటలు నిలబడ్డాను. అప్పుడు తెలిసింది నాకు, గుండు ఎక్కడ పోయిందో తెలియకపోవడం అంటే ఏమిటో. ఎడమకు పోతున్నానని అనుమానం, అనుమానంతో కుడికి జరగడం. అయినా మానలేదు. మానితే చేసిన తప్పూ పోదు, కోరికా తీరదు.

సెప్టెంబరు చివర హైదరాబాద్ పోయాం. నాకూ కరుణకూ ఒకే విడతలో లేన్లు వచ్చాయి, మధ్యలో పదిమంది ఎడం. అరవై షాట్లు గంటలో అయిపోయాయి. ఒక్కసారి కూడా అటు చూడలేదు. చూస్తే చెయ్యి కదులుతుందని భయం.

గోడకు కాగితం అంటించారు. నా పేరు పక్కన ఆరు వందల ఒకటి పాయింట్ ఒకటి. దాని పక్కన 'అర్హత పొందారు'. నాకు పట్టరాని సంతోషం కలిగింది, అబద్ధం ఎందుకు ఆడాలి.  తర్వాత వేలు పెట్టి కిందికి వెతికాను. కరుణ, ఐదు వందల తొంభై ఎనిమిది పాయింట్ రెండు. దాని పక్కన ఏమీ లేదు.

బయట మెట్ల మీద కూర్చుని షూటింగ్ బూట్ల తాళ్లు విప్పుకుంటోంది. ప్రభుదాస్ గారు మిగతావాళ్లతో లోపలే ఉన్నారు. పక్కన కూర్చోవడానికి ధైర్యం చాలక ఎదురుగా నిలబడ్డాను.

"కరుణా, నేను గనక ఆ రోజే నీకు…"

"వద్దు మేడం."

రెండో బూటు కూడా విప్పి, జతగా పక్కన పెట్టి, అప్పుడు తలెత్తింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి కానీ గొంతు మాత్రం నిలకడగా ఉంది.

"రెండు నెలలు మీరు నిండు తుపాకి కొట్టిండ్రు. నేను ఖాళీది కొట్టిన. అయినా మన మధ్యల మూడు పాయింట్లు గూడ లేవు. వచ్చే ఏడు నా పక్క లేన్‌లనే నిలబడుండ్రి. ఎన్ని డబ్బాలున్నా సగం సగం."

నిలబడతానన్నాను.